తాగాలి గానీ తూలకూడదు

బావ చేతికి ఎముక లేదు. వీధిలో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. గ్లాసు పట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి కొలత ప్రకారం పోసి ఊరుకోవడం ఆయన దృష్టిలో మర్యాద తక్కువ పని. కొలతగిన్నె నింపి పోశాక సీసా మెడ వంచి ఇంకాస్త జార్చి, "ఇది మన తరఫున" అనేవాడు. తాగినవాడు కళ్లు గట్టిగా మూసుకుని, తల విదిలించి, "సరుకంటే ఇదిరా" అన్నాడంటే బావకి ఆ పూట అన్నం అక్కర్లేదు.

ఆయన అలా తయారవడానికి కారణం ఉంది. ఆయన తండ్రి వీధి చివర చిన్న మందుకొట్టు నడిపేవాడు. నీళ్లు కలుపుతాడని పేరు. జనం ఆ కొట్టుకి 'చెరువు' అని ముద్దుపేరు పెట్టారు. బళ్లో పిల్లలు బావని చుట్టుముట్టి, "మీ నాన్న కొట్లో గాలం వేస్తే చేపలు పడతాయంట కదరా" అనేవారు. ఆ మాట కాల్లో విరిగిన ముల్లులా లోపలే ఉండిపోయింది. తన చేతి మీదుగా మందులోకి నీటిబొట్టు పోదని ఆ వయసులోనే ఒట్టు పెట్టుకున్నాడు. పెద్దయ్యాక పార్టీలు జరిగే హాల్లో కౌంటరు దొరికింది. ఒట్టు నిలిచింది, పేరు వచ్చింది. ఆ పేరే మొన్న కొంప ముంచినంత పని చేసింది.

మొన్నంటే ఓ కంపెనీ వాళ్ల వార్షికోత్సవం. బావ మామూలు కన్నా రెండాకులు ఎక్కువే మర్యాద చేశాడు. భోజనాలు వచ్చేసరికి కుర్చీల్లో నిటారుగా ఉన్నవాళ్లు కొద్దిమందే. లెక్కల గుమాస్తా హాలు స్తంభాన్ని కావిలించుకుని క్షమించమని బతిమాలుకున్నాడు. మేనేజరు లేచి ఉపన్యాసం అందుకుంటే ముందు వరసలోంచి గురక బదులిచ్చింది. ఇంకో పెద్దమనిషి వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్లి గుమ్మం పక్కనున్న పూలకుండీల మీద పడి, లేచే ఓపిక లేక అక్కడే సర్దుకుని పడుకున్నాడు.

ఆ కుండీలు హాలు యజమానురాలివి. ఎప్పుడూ నడుముకి తాళాలగుత్తి వేలాడదీసుకుని తిరుగుతుంది కాబట్టి ఆవిడని అందరూ తాళాలమ్మ అంటారు. మర్నాడు కుండీ పెంకులు ఏరుతూనే బావని పిలిపించింది.

"ఏమయ్యా, నేను హాలు నడుపుతున్నానా, ఆస్పత్రి నడుపుతున్నానా?"

"జనం సంతోషపడ్డారమ్మా."

"ఆ సంతోషపడ్డవాళ్లని మోసి మోసి నా తోటమాలికి నడుం పట్టేసింది. ఇంకొక్క పార్టీ చూస్తాను. ఆ రోజు ఒక్క మనిషి నేల మీద కనిపించినా కౌంటరు ఇంకొకరికి ఇచ్చేస్తాను. నీ మీద నాకు కోపం లేదు. కుండీలకి నోరు లేదు కాబట్టి వాటి తరఫున నేను మాట్లాడుతున్నా."

బావ ఇంటికొచ్చి ఈ మాట చెప్పేటప్పటికి వంటింట్లో ముగ్గురు ఆడవాళ్లున్నారు. ఆయన తల్లి, ఆయన భార్య, భార్య చెల్లెలు. ఆ చెల్లెల్ని ఇంట్లో చిన్నది అంటారు, బావ మాత్రం 'డిగ్రీ' అంటాడు. అటు పుట్టింట్లోనూ ఇటు ఈ ఇంట్లోనూ కాలేజీ గడప తొక్కి పట్టా తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. తల్లీ తండ్రీ పోయి అక్క వెంట ఈ ఇంటికి వచ్చిన పిల్లని చదివించింది బావే, అంటే ఆ కౌంటరే. ఇప్పుడామె పళ్లరసాల ఫ్యాక్టరీలో రుచులు చూసే గదిలో పనిచేస్తోంది. పొద్దస్తమానం చిన్న చిన్న గ్లాసుల్లో రసాలు నోట్లో పోసుకుని, పులుపెంత, తీపెంత, వగరెంత అని చెప్పడం ఆమె ఉద్యోగం.

బావ చెప్పిందంతా చిన్నది వింది. తన చదువు ఏ కౌంటరు మీద నిలబడి సాగిందో ఆ కౌంటరు ఇప్పుడు ఊగుతోంది. తనకి చేతనైంది చెయ్యకుండా కూర్చుంటే ఆ చదువు ఎందుకు? అన్నం ముందు కూర్చున్నా ఆమె మనసంతా అదే.

ఆ ఒక్క పార్టీ ఎవరిదో రెండు రోజుల్లో తెలిసింది. పెద్దాస్పత్రి పెద్ద సిస్టర్ ఉద్యోగ విరమణ చేస్తోంది. ఆవిడే స్వయంగా కౌంటరు దగ్గరికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, మనిషిని చూడగానే నాడి ఎలా కొట్టుకుంటోందో తెలిసిపోయే రకం. ఆ రోజు సెలవు కావడంతో చిన్నది కూడా అక్కడే గ్లాసులు తుడుస్తోంది.

"చూడు నాయనా, మా పిల్లలందరికీ మర్నాడు పొద్దున్నే డ్యూటీ. సూది గుచ్చే చేతులు, వణక్కూడదు. అలాగని వాళ్లకి షర్బత్ ఇచ్చి పంపిస్తే నన్ను బతకనివ్వరు. తాగాలని ఉంది, తూలాలని లేదు. అలాంటిదేమైనా నీ దగ్గర ఉందా?"

బావ నోరు తెరిచే లోపు చిన్నది, "ఉంది సిస్టర్" అనేసింది.

"ఇంకోటి. చివర్లో నేను కాస్త మాట్లాడాలి. ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ దాచుకున్న మాటలు. వినేవాళ్లు మెలకువగా ఉండాలి."

ఆవిడ వెళ్లిపోయాక బావ మరదలి వైపు తిరిగాడు. "ఏం డిగ్రీ, ఉందన్నావు. ఎక్కడుందో చూపించు మరి."

"చేస్తే ఉంటుంది బావా."

ఆ సాయంత్రమే వంటింట్లో ప్రయోగం మొదలైంది. తెల్ల వైను ఎక్కువ, జిన్ను పేరుకి కొంచెం. నిమ్మతొక్కలు చెక్కి పంచదారలో వేసి నలిపి, తొక్కలోని నూనె దిగి పంచదార తడిసి ముద్దయ్యేదాకా ఉంచింది. టీ ఆకు చల్లటి నీళ్లలో నానబెట్టింది. అల్లం దంచి రసం పిండింది. అందరికీ తలా ఒక గ్లాసు కలిపి ఇవ్వడం కాదు, మొత్తం ఒకేసారి పెద్ద డ్రమ్ములో కలిపి పెట్టాలని ఆమె ఉద్దేశం. అలా అయితే ప్రతి గ్లాసూ ఒకేలా ఉంటుంది. పైకి చెప్పలేదు గానీ, బావ చెయ్యి జారే అవకాశమూ ఉండదు.

"ఇప్పుడిందులో నీళ్లు పడాలి బావా" అంది.

బావ మొహం మాడిపోయింది. "ఏం పడాలి?"

"నువ్వు గ్లాసులో ఐసు వేసి గిలకొడతావా లేదా? ఆ గిలకొట్టుడులో ఐసు కరుగుతుంది. డ్రమ్ముని గిలకొట్టలేం కదా. అందుకని ఆ నీళ్లు మనమే పోసుకోవాలి."

"నా చేత్తో ఇంతవరకూ నీళ్లు పోయలేదు. ఒట్టు పెట్టుకున్నా."

"నువ్వు పెట్టుకున్నావు బావా, ఐసు పెట్టుకోలేదుగా."

అక్క పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. బావ కాసేపు గ్లాసు వైపు, కాసేపు గోడ వైపు చూసి, "ఐసు కరగడం వేరు, మనిషి పోయడం వేరు" అని తేల్చేశాడు. వాదన పెంచకుండా చిన్నది ఆ నీళ్ల వంతు కూడా టీయే పోసింది. "టీ అంటే రంగేసిన నీళ్లేగా" అని ఆయన గొణిగాడు.

"ఘాటు మందులోంచే రావాలా ఏంటి? అల్లంలోంచి రాదా? వగరు టీలోంచి వస్తుంది, పులుపు నిమ్మలోంచి వస్తుంది. నాలుక్కి పని దొరికితే అది మందెంతని అడగదు."

ముగ్గురూ రుచి చూశారు. ముగ్గురూ బాగుందనే అన్నారు. ఆ అన్న తీరు మాత్రం చంటిపిల్ల పాట పాడితే మెచ్చుకున్నట్టుంది.

"బాగుందమ్మా, జ్వరం వచ్చినవాళ్లకి కూడా పట్టొచ్చు" అంది అత్తయ్య, అదే బావ తల్లి.

"తాగుతున్నంతసేపూ తాగినట్టుంది, తాగేశాక తాగినట్టు లేదు" అంది అక్క.

"అదేగా కావాల్సింది."

"అవుననుకో. కానీ పిలిచి పోసేటప్పుడు..." అని అక్క ఆ మాట సగంలో మింగేసింది.

చిన్నది దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

పార్టీ రోజు పొద్దున్నే హాలు వెనక గదిలో కుళాయి ఉన్న పెద్ద స్టీలు డ్రమ్ములో అంతా కలిపింది. సోడా మాత్రం పక్కన పెట్టింది. అది ముందే కలిపితే బుడగలన్నీ చచ్చిపోతాయి, వడ్డించేటప్పుడే గ్లాసులో పైన పొయ్యాలి. రుచి చూసింది. చల్లబడితే తీపి తగ్గుతుంది కాబట్టి ఇప్పుడు ఒక పిసరు తియ్యగా ఉండటమే సరి. మూత పెట్టి, ఐసు దిమ్మల కోసం తన ఫ్యాక్టరీకి బయల్దేరింది. చిన్న ముక్కలైతే ఇట్టే కరిగి పానీయాన్ని పలచన చేస్తాయని, వెడల్పాటి పళ్లేల్లో నారింజ చక్రాలు పేర్చి అక్కడి శీతలగదిలో ముందురోజే గడ్డ కట్టించి ఉంచింది.

దిమ్మలు ఆటోలో వేసుకుని తిరిగొచ్చేసరికి హాల్లో కుర్చీలు సర్దేశారు. బల్లల మీద తెల్లగుడ్డలు పరిచారు. తాళాలమ్మ కొత్త కుండీలు తెచ్చి గుమ్మానికి కాస్త దూరంగా పెట్టించుకుంది. చిన్నది నేరుగా వెనక గదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి ఓ గుటక నోట్లో పోసుకుంది.

గొంతులో అగ్గిపుల్ల గీసినట్టయింది.

ఆమె ఇంకో గుటక తీసుకుని నాలుక మీద నిలిపి చూసింది. జిన్ను. దాని వెనక రమ్ము. దాని వెనక ఇంకేదో, ఇంట్లో అటక మీద ఉండే ద్రాక్షసారా లాంటిది. బయటికొచ్చి ముగ్గుర్నీ లోపలికి పిలిచి తలుపు వేసింది.

"ఇందులో ఎవరేం పోశారు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు బావ కాలరు సర్దుకున్నాడు, అక్క చేతులు తుడుచుకుంది. అత్తయ్య పక్కనున్న చెంచాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఒక్క సీసా" అన్నాడు బావ చివరికి. "జిన్ను. ఒక్కటే. చివరికి మన పేరు కూడా చెరువైపోతుందేమోనని..."

"అయ్యో, మీరు కూడా పోశారా?" అంది అక్క.

"కూడా ఏంటి?"

"నేను రమ్ము పోశాను. పిలిచి పలచటిది పోస్తే మీ పరువు పోదూ. మీరెలాగూ ఒట్టు పట్టుకుని ఆ డ్రమ్ముని ముట్టుకోరు కదా అని నేనే..."

ముగ్గురూ అత్తయ్య వైపు తిరిగారు.

"నేనేం పొయ్యలేదు" అంది ఆవిడ. "సీసా అడుగున కొంచెం మిగిలి ఉంటే, పారబొయ్యడం దేనికని ఇందులో వంచాను."

"ఎంత అడుగున అత్తయ్యా?"

"మూతదాకా ఉండే అడుగు."

తిలా పాపం తలా పిడికెడు. ఒకరికి తెలియకుండా ఒకరు, అందరూ మర్యాద కోసమే. చిన్నదానికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏడుపుని పక్కకి నెట్టింది. ఈ డ్రమ్ము ఇలాగే బయటికి వెళ్తే పెద్ద సిస్టర్ ఉపన్యాసం కాదు, దొరికేది మళ్లీ గురక. కౌంటరు దక్కదు. పారబోసి కొత్తది చేద్దామంటే వైను చుక్క మిగల్లేదు.

"పోసింది తియ్యలేం" అంది. "పెంచుదాం. ఈ డ్రమ్ములో ఉన్నది మూడు డ్రమ్ముల సరుకనుకుందాం. మిగతా రెండూ ఇప్పుడు నింపాలి. అత్తయ్యా, వంటవాళ్ల దగ్గర ఖాళీగా ఉన్న పెద్ద గిన్నెలు రెండు పట్రండి. నూనె వాసన ఉండకూడదు. అక్కా, టీ మరిగించు. చిక్కగా, నల్లగా. అందులోకి ఐసు విరిచి వేస్తే అప్పటికప్పుడు చల్లారుతుంది. అల్లం, నిమ్మకాయలు ఎన్నుంటే అన్ని."

తప్పు చేసిన మనుషులు పనిలో పడితే ఆ వేగమే వేరు. అత్తయ్య గిన్నెల్లో ముక్కు పెట్టి వాసన చూసి, రెండిటిని తిప్పికొట్టి, మూడోదాన్నీ నాలుగోదాన్నీ ఒప్పుకుంది. అక్క అల్లం దంచుతుంటే గది గోడలు అదిరాయి. చిన్నది డ్రమ్ములోని పానీయాన్ని గిన్నెల్లోకి పంచింది, టీ పోసింది, నిమ్మ పిండింది, మిగిలిన తొక్కల పంచదార గీకి వేసింది. రుచి చూసింది. వగరు, పులుపు, ఘాటు అన్నీ వచ్చాయి గానీ, మందు ఇంకా ఎక్కువే. టీ అంతకన్నా పోస్తే నోరు బిగుసుకుపోతుంది. ఇక మిగిలింది నీళ్లే.

తాగేనీళ్ల క్యాను మూలనుంది. ఆమె రెండు చేతులా పట్టుకుంటే కొంచెం కదిలింది గానీ పైకి లేవలేదు.

"బావా, ఒక చెయ్యి వెయ్యి."

బావ అడుగు కదపలేదు. ఆయన మొహంలో మొండితనం కన్నా భయమే ఎక్కువ కనిపించింది. క్యాను వైపు చూస్తూనే, "అమ్మా" అన్నాడు మెల్లగా. "నాన్న నిజంగా కలిపేవాడా?"

అత్తయ్య గిన్నె తుడవడం ఆపింది. "కలిపేవాడురా. బరువులు మోసే పని వాళ్లు వచ్చేవాళ్లు కదా, వాళ్లకి కలిపేవాడు. కలపమని అడిగింది ఎవరనుకున్నావు, వాళ్ల పెళ్లాలే. పొద్దున లేచి పనికి వెళ్లేలా చూడండన్నా అని వెనక గుమ్మంలోంచి వచ్చి చెప్పేవాళ్లు. ఆయన డబ్బు కూడా ఆ మేరకే తీసుకునేవాడు. పైకి చెబితే ఆ మగాళ్లకి నామోషీ అని నోరు మూసుకున్నాడు. చెరువన్నా పడ్డాడు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగావు? అలిగావు గానీ."

బావ చొక్కా చేతులు మడిచి, క్యానుని ఒక్క ఊపున భుజానికెత్తి, మొదటి గిన్నెలోకి వంచాడు. నీళ్లు గలగలమంటూ పడ్డాయి. "చాలు చాలు" అని చిన్నది అరిచేదాకా పోశాడు. తర్వాత రెండోది. ఆ తర్వాత డ్రమ్ము. అప్పుడు గరిటె తీసుకుని రుచి చూశాడు. నలభై రకాల మందులు రుచి చూసిన నాలుక అది. కళ్లు సగం మూసి, పెదవులు చప్పరించి, తల అడ్డంగా తిప్పాడు.

"అంతా బాగుంది గానీ అంచు లేదు డిగ్రీ. గుండ్రంగా జారిపోతోంది."

"ఏం కావాలి?"

"ఆగు." వేళ్ల కొసలతో ఉప్పు తీసి గిన్నెకింత చల్లాడు. నారింజ తొక్క తుంచి, పైన మడిచి పిండి, ఆ తుంపర పడనిచ్చాడు. "ఇప్పుడు చూడు."

చిన్నది చూసింది. అంతవరకూ పక్కపక్కన నిలబడ్డ రుచులన్నీ చేతులు పట్టుకున్నట్టున్నాయి. రుచులు చూసే గదిలో ఆమె ఇన్నాళ్లుగా వెతికేది సరిగ్గా ఇదే. "ఈ ముక్క నాకు తట్టేది కాదు బావా" అంది. బావ తల గోక్కున్నాడు.

ఐసు దిమ్మలు గిన్నెల్లోకి జారాయి. మంచులో నారింజ చక్రాలు తేలుతూ మెరిశాయి. అదే సమయానికి వీధిలో బస్సు ఆగింది. దాని వెనకే ఇంకో బస్సు.

తాళాలమ్మ పరుగున వచ్చింది. "ఏమయ్యా, చెప్పినదానికి రెట్టింపు మంది దిగుతున్నారు. నీ దగ్గర సరిపడా ఉందా?"

పెద్ద సిస్టర్ ఆవిడ వెనకే నిలబడి నొచ్చుకుంటోంది. "కింది వార్డు పిల్లలు మేమూ వస్తామంటే కాదనలేకపోయాను. కొంచెం కొంచెమైనా అందరికీ..."

బావ డ్రమ్ము వైపు, రెండు పెద్ద గిన్నెల వైపు చెయ్యి చాపాడు. పెళ్లికి ముందే విడిది సిద్ధం చేసుకున్నవాడి ఠీవి ఉంది ఆ చేతిలో. "రమ్మనండి సిస్టర్. కొంచెం కొంచెం దేనికి, కడుపునిండా తాగమనండి."

అక్క అటు తిరిగి పెదవి కొరుక్కుంది. ముగ్గురు చాటుగా చేసిన తప్పే అందరికీ సరిపోతోంది.

ఆ సాయంకాలం కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతుంటే చిన్నది కౌంటరుకి చేర్చిన డ్రమ్ము కుళాయి తిప్పింది, బావ పైన సోడా వదిలాడు, అక్క గ్లాసులు అందించింది. మొదటి నర్సు ఓ గుటక వేసి ఆగింది. బావ ఊపిరి కూడా ఆగింది. ఆ అమ్మాయి కళ్లు మూసుకోలేదు, తల విదిలించలేదు. ఇంకో గుటక వేసి, పక్కనున్న పిల్లని మోచేత్తో పొడిచి, "ఇది తాగి చూడవే" అంది. అంతే. కౌంటరు ముందు వరస గుమ్మందాకా సాగింది. రెండోసారి వచ్చినవాళ్లు మూడోసారి వచ్చారు. మాటలు పెరిగాయి, బుగ్గలు ఎర్రబడ్డాయి, పాటలు పెట్టారు, బల్లలు పక్కకి జరిపి ఆడారు. ఒక్క కాలు కూడా తడబడలేదు. అన్నాలు వేడివేడిగా, అందరూ కూర్చున్న చోట కూర్చునే తిన్నారు.

తాళాలమ్మ మాత్రం నేల మీద నుంచి చూపు తిప్పకుండా హాలంతా చుట్లు కొడుతోంది. ఒక బల్ల దగ్గర హఠాత్తుగా ఆగింది. బల్లకింద రెండు పాదాలు.

"ఏమయ్యా" అని కేక పెట్టింది. "ఇటు రా."

బావ సోడా సీసా వదిలేసి పరుగెత్తాడు. ఈలోగా బల్లకింద నుంచి ఓ నర్సు తల బయటికి వచ్చింది. "నేను పడలేదండీ, నా చెవిపోగు పడింది. కొంచెం అటు జరుగుతారా, మీ కాలికింద ఉందేమో." ఉంది కూడా.

అప్పుడు పెద్ద సిస్టర్ లేచింది. పాట ఆపమని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. హాలంతా లేచి నిలబడింది.

"నా ఉద్యోగమంతా జనాన్ని పడుకోబెట్టడంతోనే సరిపోయింది" అని మొదలుపెట్టింది ఆవిడ. "ఇంతమంది నిలబడి నా మాట వినడం ఇదే మొదటిసారి."

నవ్వులు కిటికీల్లోంచి వీధిలోకి పొర్లాయి. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. మొదటి రాత్రి డ్యూటీలో తను ఎంత భయపడిందో, ఎవరు టీ ఇచ్చి ధైర్యం చెప్పారో, చెయ్యి పట్టుకోవడం తప్ప ఏమీ చెయ్యలేని రోజుల్లో ఆ చెయ్యే ఎలా వైద్యమైందో చెప్పింది. ఎవరూ ఆవులించలేదు. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. తెలివితో, తెలిసి, మనసారా ఏడ్చారు.

చప్పట్లు సద్దుమణగకముందే తాళాలమ్మ కౌంటరు దగ్గరికి వచ్చి గ్లాసు చాపింది. హాల్లో ఏనాడూ ఏమీ ముట్టని మనిషి. తాగి, గ్లాసు కింద పెట్టి, "వచ్చే నెల్లో మూడు పార్టీలున్నాయి. మూడింటికీ ఇదే కావాలి" అంది.

"నన్ను కాదమ్మా, మా మరదల్ని అడగండి. కలిపే పద్ధతి ఆవిడది" అన్నాడు బావ. అంతటితో ఊరుకోకుండా కుర్చీ ఎక్కి, హాలు మొత్తానికి వినిపించేలా, "ఇది చేసింది మా ఇంట్లో మొదటి డిగ్రీ అండీ. నీళ్లు పోసింది మాత్రం నేనే" అని చాటాడు.

నర్సులంతా కౌంటరు వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. చిన్నదానికి ఏం చెయ్యాలో తోచలేదు. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్న కాళ్లు అప్పుడే గుర్తొచ్చాయి. పెద్ద సిస్టర్ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి, తన కుర్చీలోకి లాగి కూర్చోబెట్టింది. తనే గ్లాసు నింపి, సోడా పోసి, చేతికిచ్చింది.

"తాగమ్మా. ఇవాళ ఈ హాల్లో కూర్చునే హక్కు నీకొక్కదానికే ఉంది."

చుట్టూ అందరూ నిలబడి చూస్తుండగా చిన్నది గ్లాసెత్తి, తను చేసింది తానే, ఏ లెక్కా వెయ్యకుండా, దాహం తీరా తాగింది.